మూకీనుండి టాకీకి: నటి సులోచన



నేర్చిన విద్య కాలము మాఱుటచే చాలనిదైనపు డేమి చేయవలెను? దీనికి నటి సులోచన చరిత్రమునే సమాధానముగా మీ సన్నిధిని విన్నవింతుము.

ఆమె యసలు పేరు రూబీ మేయర్స్. 1907లో పూనాయందు యూదుల కుటుంబమున జన్మించెను. టెలిఫోను ఉద్యోగములో నుండఁగా కోహినూర్ కంపెనీవారు ఆమెను మూకచిత్రములలోనికిఁ దీసికొనిరి. 1927లో ఇంపీరియల్ కంపెనీవారి "వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే"లో ఎనిమిది వేషములు ధరించెను. 1928లో అనార్కలి పాత్రమును బోషించెను.

1931లో ఆ ఇంపీరియల్ కంపెనీయే "ఆలం ఆరా"తో తెరకు మాట నిచ్చినది. అంతవఱకుఁ గన్నులతోఁ బలికిన యామెకు హిందూస్థానీ పలుకు చక్కగా రాదు. ధనమును గీర్తియు నున్నవి. నాలుక మాత్రము వశము గాలేదు. అపుడామె సుమారొక సంవత్సరము నటన మాని, బాలికవలె ఆ భాష నభ్యసించెను. 1932లో "మాధురి"తో మరల వచ్చెను. 1935లో అనార్కలి పాత్రమునే టాకీలో ధరించి, ఈసారి నోరాఱఁ బలికెను.

పిదప నవకాశములు సన్నగిల్లినవి. 1953 నాటి "అనార్కలి"లో సలీము తల్లి వేషమునకు సమ్మతించెనేకాని, పూర్వవైభవము దలఁచి వెనుదీయలేదు. 1973వ సంవత్సరపు ఫాల్కే పురస్కార మామెను వరించినది. 1983లో బొంబాయిలోఁ గన్నుమూసెను.

పేరు గడించినపిదప మరలఁ బలకఁ బట్టుట సిగ్గుగాదు. మన బాలికలకును, మనకును ఈ పాఠము చాలునని మనవి.