గోడకు అవతల వైఫై



హైదరాబాదున 1935 ఫిబ్రవరి 3వ తేదీన దక్కన్ రేడియో ప్రసారము లారంభించినపుడు దాని శక్తి 200 వాట్లు. నేడు ఆబిడ్సు, నాంపల్లి ఇండ్లలో వైఫై నిచ్చు రౌటరు పెట్టెయు రేడియో తరంగములనే వెదజల్లును. దాని శక్తి సాధారణముగా వాటులో పదవవంతునకు అటునిటు. అంత చిన్న దీపమును ఇనుప బీరువా వెనుక దాచి, వెలుగు రాలేదని నిందించువారే యెక్కువ.

పల్లెనుండి పోయి నాంపల్లి సందులో గది తీసికొన్న విద్యార్థికి ఇది వినోదము కాదు. ఉద్యోగపు ఇంటర్వ్యూ నడుమ మాట తెగినచో అవతలివారు మరల పిలుతురన్న నమ్మకము లేదు. అతడు వెంటనే హెచ్చు వేగపు ప్లాను కొనును. డబ్బు పోవును, గోడ మాత్రము కదలదు!

ముందుగా లాప్‌టాపును తీగతో రౌటరునకు కలిపి చూడవలెను. అప్పుడును తెగుచున్నచో దోషము పెట్టెలోనో బయటి లైనులోనో కలదు. కంపెనీకి ఫిర్యాదు చేయవలసినదే. తీగతో బాగుగ నడచి గాలిలో తెగినచో దోషము ఇంటిలోనిది. పాత ఇండ్ల దళసరి గోడలు, నిలువుటద్దములు, నీటి తొట్లు తరంగముల నడ్డగించును. ఇరుకు సందులలో పొరుగువారి పెట్టెల రొద వేరు. 2.4 గిగాహెర్ట్జులలో 1, 6, 11 అను మూడు చానళ్లే ఒకదానిపై నొకటి పడక యుండును. మైక్రోవేవు పొయ్యియు అచ్చటనే అల్లరి చేయును. 5 గిగాహెర్ట్జులలో రద్దీ తక్కువ, గోడ దాటు శక్తియు తక్కువే.

పెట్టెను బీరువా చాటునుండి తీసి, గది నడుమ ఎత్తున నుంచి చూడవలెను. గోడ మరీ దళసరియైనచో ఆబిడ్సు అంగళ్లలో పది మీటర్ల తీగ కొని, గుమ్మము మీదుగా రెండవ గదికి లాగి, అచట మరియొక పెట్టె నమర్చవలసి యుండును.