175 మందికి పనికొచ్చింది, 5 లక్షల మందికి పనికొస్తుందా?



ఈ మధ్య ఏ వ్యవసాయ సభకు వెళ్లినా కృత్రిమ మేధ మాటే. ఏఐ వస్తే సాగు దశ మారిపోతుందంటున్నారు. మనం దానికి వ్యతిరేకం కాదు. ట్రాక్టర్‌ను వద్దనలేదు, సెల్‌ఫోన్‌ను వద్దనలేదు, దీన్నీ వద్దనం. మనం అడిగేది ఒకటుంది. నాలుగు ఊళ్లలో ప్రయోగం చేసి బాగుందన్న పనిని అన్ని జిల్లాలకూ తెచ్చేటప్పుడు, మొత్తం తెస్తారా, సగం తెస్తారా?

మన దగ్గర జరిగిందే చూద్దాం. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే అదను చెప్పాయి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్‌కే తెలుగులో మెసేజ్ వచ్చేది. ఏళ్ల తరబడి నమోదైన వానల లెక్కా, నేలలో తేమా చూసి ఎప్పుడు వేయాలో చెప్పేది. తొలకరికి తొందరపడి విత్తి, తర్వాత వాన మొహం చాటేస్తే విత్తనం మట్టిపాలైన అనుభవం రాయలసీమలో ఎవరికి లేదు? దిగుబడి 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడాది ఆంధ్ర, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు, మరికొన్ని పంటలకు విస్తరించారు. అప్పుడు చెప్పిన పెరుగుదల 10 నుంచి 30 శాతం.

అయితే ఆ మెసేజ్‌లలో తేదీ ఒక్కటే లేదు. భూసార పరీక్షను బట్టి ఎంత ఎరువు వేయాలి, పశువుల ఎరువు, విత్తన శుద్ధి, ఎంత లోతులో విత్తాలి, ఇవన్నీ ఉన్నాయి. అంటే ఫోన్ వెనక మట్టి పరీక్ష ఉంది, ఆ మట్టి తీసిన మనిషి ఉన్నాడు. పేరు మాత్రం ఏఐకే వచ్చింది.

ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ కూడా ఇలాంటిదే. 7,000 మంది మిర్చి రైతులకు వాట్సాప్‌లో సలహాలు, భూసార పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, కొనేవాళ్లతో కలిపే ఏర్పాటు, అన్నీ కలిపి చేశారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందులు 9 శాతం తగ్గాయనీ, ధర 8 శాతం ఎక్కువ పలికిందనీ ప్రకటించారు. 2023లో దీన్ని 10 జిల్లాల్లో 5 లక్షల మందికి తీసుకెళ్తామన్నారు. అంటే 70 రెట్లు. మెసేజ్‌ను 70 రెట్లు చేయడానికి పెద్ద ఖర్చవదు. మట్టి నమూనా తీసేవాణ్ణి, తెగులు సోకిన ఆకు చూడ్డానికి చేలోకి దిగేవాణ్ణి 70 రెట్లు చేయాలంటే జీతాలివ్వాలి. విస్తరణలో ముందు కోతపడేది అక్కడే. ఇక ధర సంగతి. 2025 ఫిబ్రవరిలో మిర్చి పడిపోతే ఏ యాప్ ఆదుకుంది? రైతులు రోడ్డెక్కాకే కేంద్రం ఆంధ్ర మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది.

మంచిని మంచి అనాలి. 2025లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాకపై ఏఐ అంచనాలను మెసేజ్‌లుగా పంపింది. వాన కబురు కాబట్టి అంతమందికి చేరగలిగింది. తెగులు సలహా అలా కాదు, చేను చేనుకీ మారుతుంది.

ఇంతకీ ఈ మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది? ఇప్పుడు రైతు గుర్తింపు సంఖ్యను భూమి రికార్డుతో ముడిపెడుతున్నారు. రికార్డులో పేరు ఆసామిది. రేపు వానుంది, మందు కొట్టొద్దు అన్న కబురు పట్నంలో ఉన్న ఆసామి ఫోన్‌కి వెళ్తుంది. డబ్బా భుజానికెత్తుకున్న కౌలు రైతుకు ఎవరు చెప్పాలి?

కంప్యూటర్ తప్పు చేస్తే ఏమవుతుందో తెలంగాణ రేషన్ కార్డుల్లో చూశాం. కంప్యూటర్ లెక్కలతో రద్దయిన లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అప్పటికి ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి బియ్యం పోగొట్టుకున్నాయి. రేపు తప్పుడు సలహాతో పంట పోతే, యాప్‌లో కింద చిన్న అక్షరాల్లో ‘మాది బాధ్యత కాదు’ అని రాసి పెట్టుకుంటే కుదరదు. నష్టం ఎవరు కట్టిస్తారో మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా తేల్చాలి.

కాబట్టి మీ ఊరికి ఇలాంటి పథకం వస్తే, పేరు నమోదు చేయించుకునే ముందు రైతు సేవా కేంద్రంలోనో రైతు వేదికలోనో నిలబడి అడగండి. ఇంతకుముందు చేసిన చోట ఎంతమంది సిబ్బంది ఉన్నారు, మాకెంతమందిని ఇస్తున్నారు? కౌలు రైతు సొంత నంబరు తీసుకుంటారా? మా పొలం వివరాలు ఎరువుల, పురుగుమందుల కంపెనీలకు ఇస్తారా? ఆ జవాబులు కాగితం మీద తీసుకోండి. ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాసుకుని, అధికారి హోదా, తేదీ వేసి, వచ్చే మండల కమిటీ సమావేశానికి పట్టుకురండి.