రాత్రి షిఫ్టు క్యాబు – డ్రైవరు మనస్తత్వం

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులకు ఉద్యోగులను చేరవేసే క్యాబుల వేగాన్ని చాలావరకు లాగిన్ సమయమే నిర్ణయిస్తుంది. ఇంటి దగ్గర ఎవరైనా పది నిమిషాలు ఆలస్యం చేస్తే, ఆ లోటును డ్రైవరు రోడ్డు మీద పూడ్చుకోవాలని చూస్తాడు. ప్రమాదం జరగని ప్రతి రాత్రీ ఆ తొందర తప్పు కాదన్న నమ్మకాన్ని అతనిలో పెంచుతుంది.

తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య శరీరం నిద్రకు లాగుతుంది. అద్దం దించినా, పాటలు పెట్టినా ఆ మత్తు వదలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్ల కునుకులో 50 మీటర్లు దాటేస్తుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే పనివేళలకు సాధారణంగా రోజుకు 8 గంటల హద్దు పెట్టింది. కానీ ట్రిప్పు లెక్కన కిరాయి అందుకునే మనిషికి విశ్రాంతి అంటే ఆదాయం పోవడమే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

డ్రైవర్ల తీరును ఏది మార్చగలదో తెలుసుకోవడానికి స్వీడన్ టెలిఫోన్ సంస్థ టెలివెర్కెట్ డ్రైవర్ల మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఒక బృందానికి శిక్షణ ఇచ్చారు, ఒకదానిలో భద్రత గురించి ప్రచారం చేశారు, మరోదానికి బోనస్ ఆశ చూపారు. ఇంకో బృందాన్ని కూర్చోబెట్టి, తమ ఇబ్బందులు తామే చర్చించుకుని ఎవరేం మార్చుకుంటారో తేల్చుకోమన్నారు. ప్రమాదాలు అందరికన్నా ఎక్కువగా తగ్గింది ఈ చివరి బృందంలోనే. తోటివారి ముందు తానుగా ఇచ్చిన మాటను మనిషి నిలబెట్టుకోవాలనుకుంటాడు.

పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి నడిపే సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఇలాంటి చర్చలకు తగిన వేదిక. రూట్ల సమయాలు మార్చగల రవాణా మేనేజరు కూడా డ్రైవర్లతో పాటు అక్కడ కూర్చోవాలి.