కుక్కపిల్లకు టీకాలూ, అలవాట్లూ

(చోడవరంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు, వెన్న శాతం గురించి చెప్పవలసిన మేము కుక్కపిల్ల ఊసెత్తామేమిటని అనుకోవచ్చు. మన పశువుల శాలకు కాపలా కుక్కే. తెల్లవారుజామున చీకట్లో పాలు పోయడానికి వచ్చేవారికి ఎదురయ్యేదీ కుక్కే.

మేము పశువైద్యులం కాము. రెండు విధాలా నష్టపోయినవాళ్ళం. మొదటి పిల్లను టీకా వేయించకుండానే వీధిలోకి వదిలాము. రక్తపు విరేచనాలతో నాలుగు రోజులలో పోయింది. పార్వో జబ్బన్నారు డాక్టరుగారు. ఆ భయంతో రెండోదానిని టీకాలన్నీ పూర్తయ్యేవరకు పెరట్లోనే కట్టి ఉంచాము. జబ్బు రాలేదు గాని, కొత్త మనిషి అలికిడికే బెదిరే కుక్క అయింది. చివరకు పాలు తెచ్చిన పక్కింటి కుర్రవాణ్ణి కరిచింది. అతను సూదులు వేయించుకున్నన్నాళ్ళు వాళ్ళ గుమ్మం ముందు మేము తలెత్తలేకపోయాము.

ఒక్క టీకా చాలదా అని అడుగుతారు. దూడకు ముర్రుపాలు ఎందుకు తాగిస్తామో మీకు తెలుసు. కుక్కపిల్లకూ తల్లి పాల వలన కొంత రక్షణ వస్తుంది. అది ఉన్నంతకాలం టీకాను సరిగా పనిచేయనీయదు. ఎప్పుడు తరిగిపోతుందో పైకి కనబడదు. అందుచేత 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకొకసారి, 16 వారాలు నిండేవరకు వేయిస్తారు. పిచ్చి వ్యాధి టీకా సుమారు 3 నెలలకు. ఆపైన డాక్టరు చెప్పిన గడువు ప్రకారం.

చిక్కేమిటంటే, పిల్ల బెదురు లేకుండా లోకాన్ని అలవాటు చేసుకునే వయసు 3 నుంచి 12-14 వారాల లోపే. టీకాలు పూర్తయ్యేసరికి అది దాటిపోతుంది. కాబట్టి మొదటి టీకా పడిన వారం తరువాత నుంచి పిల్లను చంకనెత్తుకునో, బుట్టలో పెట్టుకునో తిప్పండి. పాల కేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు విననివ్వండి. గొడుగు పట్టినవారిని, సైకిలు మీద వచ్చేవారిని, చిన్నపిల్లలను చూపించండి. బెదిరితే బలవంతం చేయక వెనక్కు రండి. టీకాలు పడిన, ఆరోగ్యమైన పెంపుడు కుక్కతో ఇంటిలో ఆడుకోనివ్వండి. ఊరకుక్కలు తిరిగే చోట, పశువైద్యశాల ఆవరణలో మాత్రం నేలమీద దించకండి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి చావదు.

ఎవరినైనా కుక్క కరిస్తే పసరు, సున్నం, కారం పెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పిచ్చి వ్యాధి లక్షణాలు పైకి వచ్చాక మనిషి బ్రతకడం దాదాపు లేదు.

సంఘం పాసుపుస్తకంతోపాటు కుక్క టీకా కార్డునూ భద్రపరచండి. మన గుమ్మానికి పాలతో వచ్చే బిడ్డ భయం లేకుండా రావాలి.