చిటికెడు సాంబ్రాణి చాలు

మా శంకర్‌పల్లి కిరాణా దుకాణంలో సాంబ్రాణి అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. అది ఏ చెట్టు జిగురో మనం అడగం. పేరుపడ్డ సాంబ్రాణి సుమత్రా దీవిది. గాయాలకు పూసే టింక్చర్ బెంజాయిన్ దానితోనే చేస్తారు. అత్తరుల్లో కలిపితే వాసన తొందరగా ఎగిరిపోదు. మనకూ ఒక చెట్టుంది, కొండ సాంబ్రాణి. తిరుమల శేషాచలం కొండల్లో పెరుగుతుంది. తూర్పు కనుమలు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

చెట్టు తన గాయం మాన్పుకోవడానికి కార్చే జిగురే మనకు ధూపం. ఆశకొద్దీ మాటిమాటికీ గాట్లు పెడితే చెట్టు బలం ఉడిగి ఎండిపోతుంది.

ఇంకో మాట. పసిబిడ్డకు నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళలో ఆనవాయితీ. వాసన ఎంత మంచిదైనా పొగ పొగే కదండీ! లేత ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు. మెత్తని బట్టతో తల తుడిచి ఆరనివ్వండి. అత్తగారు ఏమంటారోనని జంకకండి, నెమ్మదిగా చెబితే ఆవిడే ఒప్పుకుంటారు. పూజకు, మీ జుట్టుకు అంటారా, కిటికీలు తీసిపెట్టి, నిప్పుల మీద చిటికెడు వేయండి. ఇల్లు ఘుమఘుమలాడుతుంది, చెట్టూ బతుకుతుంది. సెలవు.