మన బలం కూడా లెక్కలోకి రావాలె
(దళితవాడ సభలో ఒక టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



సర్వేవాళ్లు మన వాడకు ఎప్పుడొచ్చినా ఒకటే తంతు. మరుగుదొడ్డి ఉందా? లేదు. ఒంట్లో రక్తం ఉందా? తక్కువ. 'లేదు, తక్కువ' అని రాసుకొని పోతారు. ఆ కాగితం చూసి ఊరి పెద్దలేమంటారు? 'వాళ్లకు శుభ్రం తెల్వదు, చెప్తే ఇనరు' అంటారు. మన గోస లెక్క మన మీదే నింద అయి కూర్చుంది. మరి మన బలం లెక్క ఎవరు రాశారు?

మన పాత ఆదిలాబాదు పక్కనే, ప్రాణహిత అవతల, గడ్చిరోలి జిల్లా ఉంది. 1990ల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అక్కడ 39 పల్లెల్లో పెద్ద చదువుల్లేని ఆడవాళ్లకే తర్ఫీదిచ్చారు. వాళ్లు బాలింతల ఇండ్లకు పోయి బిడ్డను తూచారు, వెచ్చగా ఉంచడం నేర్పారు, జబ్బు గుర్తుపట్టి మందిచ్చారు. ప్రతి పుట్టుకా, ప్రతి చావూ లెక్క రాశారు. పోల్చి చూసిన వేరే పల్లెలకంటే అక్కడ 28 రోజుల్లోపు పసికందుల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ లెక్క లాన్సెట్ అనే పెద్ద వైద్యపత్రికలో అచ్చయింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వస్తున్నారంటే దాని వెనక ఆ పల్లె ఆడవాళ్ల పని ఉంది.

మనమూ ఒక వాడ పుస్తకం పెడదాం. ఎందరు పిల్లలకు టీకాల కార్డు నిండింది? టి.బి. మందులు ఆర్నెల్లూ మానకుండా మింగినవాళ్లెందరు? అర్ధరాత్రి నొప్పులొస్తే ఆటో తెచ్చేదెవరు? కాన్పు సంగతులు తెలిసిన అవ్వలెందరు? రాయండి.

ఎందుకంటారా? వాడలో 20 మంది పిల్లలుంటే 20 మందికీ టీకాలు పడ్డాయనుకోండి. అయినా విరేచనాలు ఆగలేదనుకోండి. తప్పు తల్లులదా, మురికికాలువ పక్కన పగిలిన నీళ్ల పైపుదా? ఆ కాగితం గ్రామసభలో పెట్టి అడగొచ్చు: 'మా పని మేం చేశాం. మీ పైపు ఎప్పుడు బాగవుతది?' బలం లెక్క సంబరానికి కాదు, హక్కు అడగడానికి.

రెండు జాగ్రత్తలు. బలం రాస్తున్నామని చావులు, జబ్బులు దాచొద్దు. జబ్బుపడ్డవాళ్ల పేర్లు నలుగురిలో చదవొద్దు, అంకెలు చాలు.

పది చదివిన పిల్లలారా, పుస్తకం మీరు పట్టండి. అమ్మలు చెప్పింది రాసి, వాళ్లకే చదివి వినిపించండి. వాళ్లు అవునన్నాకే అది లెక్క. వచ్చే గ్రామసభకు ఆ పుస్తకంతో పోదాం.

జై భీమ్!