లోతుల పంపకం



ఒకే చోట, ఒకే కాలంలో బతికే వేర్వేరు జాతుల జనాభాలన్నిటినీ కలిపి జీవ సముదాయం అంటారు. నిర్వచనం ఒక్క వాక్యమే గాని, దాని వెనుక ఉన్న ప్రశ్న చిక్కైనది: తిండికీ చోటుకీ పరిమితి ఉండి, తినే నోళ్లు అనేకమైనప్పుడు, బలమైన జాతి ఒక్కటే మిగిలి తక్కినవన్నీ ఎందుకు తుడిచిపెట్టుకుపోవు? మాస్కోలో గియోర్గీ గాస్ అనే జీవశాస్త్రవేత్త ఈ ప్రశ్నను గాజు నాళికలలోకి దించి, ఫలితాలను 1934లో గ్రంథంగా వెలువరించాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు నిండలేదు, అంటే ఈ సభలో కూర్చున్న పట్టభద్రులలో చాలామంది ఈడువాడే. పారమీషియం అనే ఏకకణ జీవిలో ఆరీలియా, కాడేటం అనే రెండు జాతులను ఒకే బాక్టీరియా ఆహారంపై కలిపి పెంచినప్పుడు కాడేటం క్రమంగా కనుమరుగైంది. తరువాతి ప్రయోగాలలో వీటిలో ఒకదానికి బర్సేరియా అనే మూడో జాతిని తోడు చేర్చినప్పుడు మాత్రం రెండు జాతులూ నిలిచాయి. ఒకటి ద్రవంలో తేలాడే బాక్టీరియాతో సరిపెట్టుకుంటే, బర్సేరియా అడుగున పేరుకున్న ఈస్టు మీద బతికింది. ఒక జాతి ఏమి తింటుంది, ఏ లోతులో, ఏ వేళలో తింటుంది, ఎవరికి ఆహారమవుతుంది అనే సంబంధాల మొత్తాన్ని దాని జీవావరణ స్థానం అంటారు. ఈ స్థానం అచ్చంగా ఒకటే అయిన రెండు జాతులు, పరిస్థితులు మారకుండా ఉన్నంతకాలం, ఒకే చోట కలిసి నిలవలేవన్నదే స్పర్ధా వర్జన సూత్రం. ప్రకృతిలో ప్రాణులు స్నేహభావంతో కలిసిమెలిసి ఉంటాయని వేదికలపై తరచు వినిపించే మాటకు ఈ సూత్రంలో ఆధారమేమీ లేదు. అక్కడ ఉన్నది స్నేహం కాదు, పంపకం.

ఆ పంపకాన్ని చూడడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వానాకాలంలో వరదను తెచ్చిపోస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. వేసవికి సరస్సు కుంచించుకుపోతుంది. ఈ పెరుగుట, తరుగుటల వల్ల ఒడ్డు నుండి నడిమి వరకు చీలమండ లోతు, మోకాటి లోతు, నిలువు లోతు అంటూ నీటి అంతరువులు ఏర్పడి, అవి నెలనెలా జరుగుతూ ఉంటాయి. గూడబాతు లోతైన నీటిపై తేలుతూ తన ముక్కు సంచితో నీటినీ చేపనూ కలిపి ఎత్తుకుంటుంది. నీటికాకి మునిగి తరిమి పడుతుంది. ఎర్రకాళ్ల కొంగ మోకాటి లోతుకు మించని నీటిలో నడుస్తూ, సగం తెరిచిన ముక్కును నీట ముంచి, చేప తగలగానే మూస్తుంది. దానికి చూపు కంటే స్పర్శ ముఖ్యం గనుక బురదనీరు ఆటంకం కాదు. నత్తగుల్ల కొంగకు చేపలతో పనే తక్కువ, దాని తిండి ప్రధానంగా నత్తలు. తక్కినవి గూటికి చేరే వేళకు వేట మొదలుపెట్టే కొంగ జాతి ఒకటి ఉండి, అదే నీటిని మరో పూట వాడుకుంటుంది. లోతు, ఆహారం, వేళ అనే మూడు గీతలతో ఒక్క సరస్సు పలు సరస్సులుగా విడిపోతున్నదన్నమాట.

పోటీని తప్పించుకోవడమే జాతుల మధ్య సంబంధం కాదు. మేసే గేదె అడుగులకు గడ్డిలోంచి లేచే పురుగులను తెల్లకొంగ ఏరుకుంటుంది. కొంగకు లాభం, గేదెకు చెప్పుకోదగ్గ లాభమూ లేదు, నష్టమూ లేదు. దీనిని సహభోజకత్వం అంటారు. నేలపట్టు చెరువులోని నీటికడప చెట్లపై గూళ్లు కట్టే గూడబాతులు పులికాట్ సరస్సులో చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెడతాయి. వాటి రెట్టతో సారవంతమైన చెరువు నీటిని రైతులు పొలాలకు పారించుకుంటారు. అంటే ఉప్పునీటి సరస్సులోని సారం పక్షి కడుపులో ప్రయాణించి వరిమడికి చేరుతుంది. ఇక వేటాడే జాతి సైతం పంపకాన్ని కాపాడగలదని అమెరికా వాయవ్య తీరంలో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ చూపించాడు: రాతి ఒడ్డు నుండి ఒకే ఒక నక్షత్రచేప జాతిని తొలగిస్తూ పోగా, దాని తాకిడి లేని ఆల్చిప్పలు రాయినంతా ఆక్రమించి, 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966 నాటి ఆయన వ్యాసం నమోదు చేసింది.

తిరిగి కొల్లేరుకు వస్తే, ఈ శాస్త్రం తెలియక అది చెడిందని అనుకుంటే పొరపాటు. దాని చుట్టూ విస్తరించిన చేపల చెరువులు ఈ సూత్రం మీదనే నడుస్తాయి. నీటి పైపొరలో మేసే బొచ్చెను, మధ్యపొరలో మేసే శీలావతిని, అడుగున మేసే మోసును ఒకే చెరువులో వదిలితే ఒకదాని మేతకు మరొకటి అడ్డురాదన్నదే మిశ్రమ పెంపకం. గాస్ నాళికకు ఇంతకంటే పెద్ద నమూనా దొరకదు. ఆంధ్ర రైతులు మోసును చాలావరకు వదిలేసి, శీలావతిని ఎక్కువగా, బొచ్చెను తక్కువగా వేసే పద్ధతికి వచ్చారు. పట్టుబడిలోని కష్టాన్నీ బజారు ధరనూ లెక్కగట్టి చేసుకున్న ఈ సవరణను ఆక్షేపించనక్కరలేదు. చిక్కంతా గట్టుతో వచ్చింది. గట్టు లోపల మూడు పొరలను ఓపికగా లెక్కించిన తెలివి, గట్టు కట్టడం వల్ల బయట ఎన్ని లోతులు పోతున్నాయో లెక్కించలేదు. ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే లోతున నీరు నిలిచే చెరువులో నీటికాకికి మేత దొరుకుతుంది, అక్కడ దానికి రైతు తుపాకీ చప్పుడు కూడా తప్పదు. నడిచి వేటాడే కొంగకు మాత్రం కాలు మోపే చోటే ఉండదు. కదలని నీటిపై గుర్రపుడెక్క పరుచుకుంటే వెలుతురు, దానితోపాటు నీటిలోని ప్రాణవాయువు తగ్గుతాయి.

సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న బిందువులను కలిపే రేఖను, అంటే స్థానికులు ఐదో కాంటూరు అనే గీతను, హద్దుగా తీసుకుని 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువు గట్లను పెద్ద ఎత్తున కొట్టివేశారు. ఆ కొట్టివేతలో పెట్టుబడిదారుతోపాటు కూలిపని మీద బతికే కుటుంబాలూ నష్టపోయాయి. మనిషి కూడా ఆ సముదాయంలోని జాతే గనుక అతనికి వాటా లేదని చెప్పే ఏర్పాటు శాస్త్రీయమూ కాదు, నిలిచేదీ కాదు. ఎంత లోతు నీరు ఎవరికి, ఏ నెలలో అన్న లెక్క లేకుండా, హద్దు రేఖను పైకో కిందికో జరపడంపైనే సాగే వాదం అంతకంటే తక్కువ శాస్త్రీయం.

నేటి పట్టభద్రులలో కొందరు జలవనరుల శాఖలో, కొందరు మత్స్యశాఖలో, కొందరు అటవీశాఖలో చేరవచ్చు; ఒకే సరస్సుకు సంబంధించిన దస్త్రాలు ఈ మూడు బల్లల మీద విడివిడిగా తిరుగుతుంటాయి. 1987 నుండి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన ఏ జాతి పక్షులు ఎన్ని కనిపించాయో చెబుతుంది. అవి ఎంత లోతున, ఏ వేళ, దేనిని తింటున్నాయో చెప్పడం దాని పని కాదు. ఆ రెండో లెక్కకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గుర్తులు గీసిన ఒక కొలకర్ర, ఒక దుర్భిణి, వరద నుండి వేసవి వరకు ఒడ్డున నిలబడే ఓపిక చాలు.